నీ వయసెంత, దోమమ్మా?

హైదరాబాదు,
వానాకాలం.

దోమమ్మకు,

పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు ఉత్తరం రాస్తే పేరుకు ముందు ‘చిరంజీవి’ అని పెట్టడం మా ఆచారం. నీకు మాత్రం పెట్టలేదు. మర్యాద తెలియక కాదు. కారణం ఉత్తరం సగానికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

తిట్టడానికి రాయడం లేదు. తిట్లు నీకు కొత్తా? రాత్రి రెండింటికి చెవి దగ్గర నీ పాట విని లేచి, లైటు వేసి, చేతిలో బ్యాటుతో గోడలన్నీ వెతుకుతూ మా వాళ్ళు ఇప్పటికే కావలసినన్ని తిట్టారు. నేను రాస్తున్నది నీ లెక్క గురించి. నూట ఇరవై ఏళ్ళుగా కొందరు మనుషులు నీ మీద లెక్కలు వేస్తున్నారు. నువ్వు ఎంత దూరం పోతావు, ఎన్నాళ్ళు బతుకుతావు, ఎందరిని కుడతావు, నిన్ను ఎంత తగ్గిస్తే జ్వరం తగ్గుతుంది అని. ఆ లెక్కలు చెప్పేది ఒకటి, మా వీధుల్లో జరిగేది ఇంకొకటి. ఆ తేడాలోనే నువ్వు కాపురం చేస్తున్నావు.

చిరునామా దగ్గరే కాస్త ఇబ్బంది పడ్డాను. నువ్వు ఒక్కదానివి కావు. మురికి కాలవల్లో, గుర్రపుడెక్క పట్టిన చెరువుల్లో పుట్టి రాత్రంతా పీక్కుతినే క్యూలెక్స్ ఒకతె. బోదకాలు ఆవిడ చలవే. ఆవిడ దగ్గరి చుట్టాలు వరిమళ్ళలో పెరిగి పిల్లలకు మెదడువాపు తెస్తారు. కాళ్ళమీద తెల్లచారలతో పట్టపగలే కుట్టే ఏడిస్ ఇంకొకతె. కూలర్ తొట్టి, పూలకుండీ కింద పళ్ళెం, పాత టైరు ఆవిడ పుట్టిళ్ళు, డెంగీ ఆవిడ పెట్టుబడి. ఒంటిని ఏటవాలుగా ఎత్తి గోడమీద వాలే అనాఫిలిస్ మూడో ఆవిడ. మన్యంలో, మైదానంలో మలేరియా మోసేది ఈవిడే. ముగ్గురికీ ఒకే ఉత్తరం రాస్తున్నాను. ఎవరికి తగిలింది వాళ్ళు తీసుకోండి. మగవాళ్ళు పూలతేనె తాగి బతికే అమాయకులు గనుక వాళ్ళ ఊసు చివర్లో వస్తుంది.

ఈ లెక్కల కథకు మా ఊళ్ళోనే ఒక మొదలుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగిన మీ అనాఫిలిస్‌ను కోసి, కడుపు గోడలో నల్లటి రేణువులున్న కణాలను చూశాడు. మనిషి జ్వరానికీ నీకూ ఉన్న ముడి అక్కడ దొరికింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పేరుతో సంస్థ ఉంది, ఏటా ఆగస్టు 20న దోమల దినం జరుగుతుంది, బళ్ళో పిల్లలు వ్యాసరచన పోటీలు రాస్తారు. ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ రాస్ తన జీవితంలో ఎక్కువగా విలువ కట్టుకున్నది సూక్ష్మదర్శినిలో చూసినదానికి కాదు, ఆ తర్వాత కాగితం మీద వేసిన లెక్కలకు. వాటి గురించి వ్యాసరచన పోటీ పెట్టినవాళ్ళను నేను చూడలేదు.

ఆ లెక్కలకు కారణం ఒక ఓటమి. లాహోరు దగ్గర మియాన్ మీర్ అనే కంటోన్మెంటు ఉండేది. అక్కడ నిన్ను నిర్మూలించి చూపిస్తామని 1902లో పని మొదలుపెట్టారు. గుంటలు పూడ్చారు, నిలవ నీళ్ళమీద నూనె పోశారు, కాలవలు బాగు చేశారు. జ్వరాలు అనుకున్నంత తగ్గలేదు. ‘చూశారా, దోమ ఎక్కడినుంచో ఎగిరొస్తుంది, ఒకచోట నీళ్ళు తీసేస్తే ఏం లాభం’ అని ప్రభుత్వ వైద్యులు తేల్చేశారు. రాస్‌కు ఒళ్ళు మండింది. ఎగిరొస్తుంది సరే, ఎంత దూరం నుంచి? ఎన్ని వస్తాయి? ఎంత మేర నీళ్ళు తీసేస్తే నడిమధ్యన ఎంత తగ్గుతుంది? ఎవరైనా లెక్క వేశారా? ఎవరూ వెయ్యలేదు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన సభలో ఆయన తనే ఆ లెక్క ఎత్తుకున్నాడు.

లెక్క ఇలా ఉంటుంది. నువ్వు ఒక గుంటలో పుట్టావు. కొంత దూరం ఎగిరి వాలతావు. మళ్ళీ లేచి ఏదో ఒక దిక్కుకు పోతావు. ఆ దిక్కుకు ముందటి దిక్కుతో సంబంధం లేదు. ఇలా చచ్చేదాకా ఎగిరితే, చివరికి పుట్టిన గుంట నుంచి ఎంత దూరంలో ఉంటావు? రాస్‌కు సగం దారి దొరికింది, పూర్తి ముడి విడలేదు. లండన్‌లో ఉన్న గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్‌ను అడిగాడు. పియర్సన్ నిన్ను కాస్త పక్కన పెట్టి, నీ స్థానంలో ఒక మనిషిని నిలబెట్టి, 1905 జులైలో ‘నేచర్’ పత్రికకు చిన్న ఉత్తరం రాశాడు: ఒకడు కొన్ని గజాలు తిన్నగా నడిచి, ఏదో ఒక వైపు తిరిగి మళ్ళీ అన్నే గజాలు నడుస్తూ పోతే ఎక్కడ తేలతాడు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి అని. లార్డ్ రేలీ వెంటనే జవాబిచ్చాడు. అడుగులు చాలా ఎక్కువైనప్పుడు దీని లెక్క తాను పాతికేళ్ళ కిందటే ధ్వని తరంగాల విషయంలో కట్టానన్నాడు. పియర్సన్ దాని సారం తేల్చాడు: తాగి తూలేవాణ్ణి వెతకాలంటే వాడు బయల్దేరిన చోటనే వెతకడం మంచిది.

గణితంలో ‘రాండమ్ వాక్’ అన్న మాట పుట్టింది ఆ ఉత్తరంతోనే. ఈ రోజు షేర్ మార్కెట్ నుంచి అణువుల కదలిక దాకా అన్నింటికీ వాడే ఆ లెక్క అలా పేరు పెట్టించుకోవడం వెనక ఉన్నది నువ్వు. అదే ఏడాది ఐన్‌స్టీన్ నీళ్ళలో తేలే నలుసుల కదలికకు ఇలాంటి లెక్కే కట్టాడు గానీ, ఆయనకు నీతో పేచీ లేదు. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు నీ మీద కాస్త గౌరవం కలిగిన మాట నిజం. మర్నాడు సాయంత్రానికి పోయిందనుకో.

ఇందులో మాకు పనికొచ్చే ముక్క ఏమిటంటే, నువ్వు తిరిగిన దారికీ, చేరిన దూరానికీ పొంతన ఉండదు. ఒక్కో ఎగురుడు 50 మీటర్లనుకుందాం. వందసార్లు ఎగిరితే రెక్కల మీద నువ్వు తిరిగింది 5 కిలోమీటర్లు. పుట్టిన గుంట నుంచి నువ్వు ఉండే దూరం మాత్రం సుమారు 500 మీటర్లు. వందకు వర్గమూలం పది, పది యాభైలు. కిలోమీటరు అవతలికి పోవాలంటే రెండింతలు ఎగిరితే చాలదు, నాలుగింతలు ఎగరాలి. అంటే 20 కిలోమీటర్లు. అంత ఆయుష్షు నీకు లేదు. కాబట్టి నన్ను కుట్టిన దానివి ఎక్కడో అవతలి ఊరి దానివి కావు. చాలావరకు మా పేట పిల్లవే.

సరిహద్దు దగ్గర ఏమవుతుందో కూడా రాస్ చెప్పాడు. ఒక గీతకు ఒక పక్క అంతా నీళ్ళు తీసేశారు, రెండో పక్క అలాగే వదిలేశారు. గీత మీద నిలబడ్డవాడి దగ్గరికి మామూలుగా రెండు వైపుల నుంచీ సమానంగా వస్తావు. ఇప్పుడు ఒక వైపు రాక ఆగిపోయింది. కాబట్టి గీత మీద నీ సంఖ్య బయట ఉన్నదాంట్లో సగం. గీత దాటి లోపలికి పోయేకొద్దీ ఇంకా తగ్గుతుంది. మియాన్ మీర్ లాంటి చోట్ల చేసిన పని మేర చిన్నది, కొలిచిన చోటు అంచుకు దగ్గర. ఇక తగ్గలేదని ఏడిస్తే ఎలా అన్నది ఆయన వాదన.

దీన్ని మా కాలనీకి తెచ్చి చూడు. ఇక్కడ ప్లాట్లన్నీ రెండు వందల గజాలవి. నా ఇంట్లో గిన్నెలు బోర్లించాను, ట్యాంకుకు మూత బిగించాను, కుండీల కింద పళ్ళాలు తీసేశాను. పక్కవాళ్ళు ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఏడిస్‌ది దూరప్రయాణాల జాతి కాదంటారు, వంద రెండు వందల మీటర్లలోనే బతుకు వెళ్ళిపోతుందట. కానీ నా స్థలం ఆ మూల నుంచి ఈ మూలకు ఇరవై మీటర్లుండదు. నాకు లోపలి భాగమంటూ లేదు. నా ఇల్లు మొత్తం సరిహద్దే. నేనొక్కణ్ణే శుభ్రంగా ఉంటే నాకు తగ్గే దోమ దాదాపు సున్నా. అదే నాలుగు వీధుల వాళ్ళం ఒకే వారంలో చేస్తే మధ్య ఇళ్ళవాళ్ళకు తేడా కళ్ళకు కనబడుతుంది, అంచు ఇళ్ళవాళ్ళకు సగం కనబడుతుంది. ఇందులో సుగుణం, దుర్గుణం ప్రసక్తి లేదు. ఉత్త జ్యామితి.

రాస్ లెక్కకు లొంగని పనులు కూడా నువ్వు చేస్తావు, ఒప్పుకుంటాను. ఆఫ్రికాలో సాహెల్ ప్రాంతంలో గాలిపటాల్లాంటి బెలూన్లకు జిగురు వలలు కట్టి ఎగరేస్తే, వందల అడుగుల ఎత్తున గాలిలో కొట్టుకుపోతూ అనాఫిలిస్‌లు దొరికాయి; 2019లో ఆ సంగతి బయటపెట్టారు. అయినా గాలికంటే నీకు పెద్ద వాహనం మేమే. ఏడిస్ గుడ్లు ఎండిన టైరులో నెలల తరబడి చావకుండా ఉంటాయి. ఆసియా నుంచి వెళ్ళిన పాత టైర్లతోనే మీ పులిచారల చుట్టం అమెరికాలో దిగి, 1985లో హ్యూస్టన్‌లో పాతుకుపోయినట్టు తేలింది. మన నగరాల ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో పుట్టి పెరిగిన అనాఫిలిస్ స్టీఫెన్సీ 2012లో జిబూటీలో కనబడింది, తర్వాత ఇథియోపియాకు పోయింది. ఆఫ్రికా పట్టణాలకు ఇప్పుడదో కొత్త తలనొప్పి. మామూలుగా తిరిగే దూరానికి ఒక లెక్క, ఎప్పుడో ఒకసారి పడే పెద్ద గెంతుకు ఇంకో లెక్క వెయ్యవలసి వస్తోంది. చిన్న నడకలు నిన్ను పేటలో ఉంచుతాయి, ఆ గెంతులు నీకు ఖండాలు రాసిస్తాయి.

ఇక అసలు విషయం. నీ వయసు.

1908లో రాస్ మారిషస్ ద్వీపానికి మలేరియా గురించి నివేదిక రాస్తూ, 1911 నాటి పుస్తకంలో ఇంకా విస్తరిస్తూ, ఒక సంగతి తేల్చాడు. మలేరియా పోవాలంటే నిన్ను చివరిదాకా చంపనక్కర్లేదు. ఒక హద్దు ఉంది. ఒక రోగి నుంచి సగటున ఒక్కరికంటే తక్కువ మందికి అంటుకుంటే చాలు, జబ్బు దానంతట అదే కొండెక్కుతుంది. ఆయన వేసిన అంచనాలో ఆ హద్దు మనిషి ఒక్కంటికి సుమారు 40 దోమలు. అంకె ఊరిని బట్టి మారుతుంది, దాని మీద పోట్లాడనక్కర్లేదు. హద్దు అనేది ఒకటుందన్నదే పెద్ద మాట. అప్పటిదాకా దోమలన్నీ పోతే తప్ప లాభం లేదనుకున్నవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చునేవాళ్ళు.

1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ వచ్చాడు. రాస్ పేరుతో లండన్‌లో ఉన్న సంస్థకు అధిపతి ఆయన. రాస్ సమీకరణాన్ని ముందేసుకుని, ఇందులో ఏ అంకెను కదిలిస్తే జబ్బు ఎక్కువ కదులుతుందని చూశాడు. నీ సంఖ్యను సగం చేస్తే జబ్బు వ్యాప్తి సగమవుతుంది, అంతే. నువ్వు మనిషిని కుట్టడం సగం చేస్తే నాలుగో వంతవుతుంది. ఎందుకంటే నువ్వు రెండుసార్లు కుట్టాలి, ఒకసారి రోగి దగ్గర తెచ్చుకోవడానికి, ఇంకోసారి నాకు ఇవ్వడానికి. సగంలో సగం. కానీ అన్నిటికంటే బలమైన అంకె నువ్వు ఒక రోజు గడిచి మర్నాటికి బతికుండే అవకాశం.

ఎందుకో చెబుతాను. రోగి రక్తం తాగిన రోజునే నువ్వు మలేరియా అంటించలేవు. పరాన్నజీవి నీ కడుపులో పెరిగి, లాలాజల గ్రంథులకు చేరడానికి సుమారు పది రోజులు పడుతుంది, ఎండ వేడిని బట్టి అటూ ఇటూ. ఆ పది రోజులూ నువ్వు బతకాలి. రోజుకు నూటికి తొంభైమంది మీరు మర్నాటికి మిగులుతారనుకుందాం. పది రోజులకు నూటికి 35 మంది మిగులుతారు. నూటికి ఎనభై మిగిలితే? పది రోజులకు 11 మందే. డెబ్భై మిగిలితే? ముగ్గురు. పైగా ఆ పదో రోజు దాటినవాళ్ళు కూడా తర్వాత ఎక్కువకాలం బతకరు. రెండూ కలిపి చూస్తే, రోజుకు పదిమంది చచ్చేచోట ఇరవైమంది చచ్చేట్టు చేస్తే నీ వల్ల వచ్చే ప్రమాదం దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. నీటిలో నీ పిల్లల్ని సగం చంపితే సగమే తగ్గుతుంది. నీ రోజువారీ చావును రెండింతలు చేస్తే ఏడింతలు తగ్గుతుంది. మాకు జబ్బు తెచ్చేది దోమ కాదమ్మా, ముసలి దోమ. చిరంజీవి అని ఎందుకు రాయలేదో ఇప్పటికి అర్థమై ఉంటుంది.

నీ వయసు దాచుకుందామనుకోకు. నిన్ను కోసి అండాశయం చూస్తే ఒకసారైనా గుడ్లు పెట్టావో లేదో తెలిసిపోతుంది. డెటినోవా అనే సోవియట్ శాస్త్రవేత్త ఆ విద్యను వివరంగా రాస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1962లో పుస్తకంగా వేసింది. ఇంకో దారి, నీకు రంగు పొడి చల్లి వదిలిపెట్టి, రోజూ వలలు పెట్టి రంగున్నవాళ్ళు ఎందరు దొరుకుతున్నారో లెక్కపెట్టడం. హోలీ ఆడించి వదిలేసి, తర్వాత జనాభా లెక్కలకు వచ్చినట్టు. ఎన్ని రోజులకు, ఎక్కడ, ఎన్ని దొరికాయో చూస్తే రోజుకు చచ్చేది ఎంతమందో, ఎంత దూరం పోతారో రెండూ తెలుస్తాయి.

నీలో నీకే ఎంత తేడా ఉందో కూడా ఈ లెక్కే చెప్పింది. ఆఫ్రికాలో గాంబియే జాతి అనాఫిలిస్ చాలాకాలం బతుకుతుంది, మనిషి రక్తం తప్ప అంతగా ముట్టదు. అక్కడ మలేరియా ఏటికేడూ స్థిరంగా ఉంటుంది. మన మైదానాల క్యూలిసిఫేసీస్‌కు పశువుల కొట్టమంటేనే ఇష్టం, ఆయుష్షూ తక్కువ. మామూలు ఏళ్ళలో పెద్దగా కనబడదు. వేడి, నీళ్ళు అన్నీ కుదిరి సంఖ్య ఉన్నట్టుండి పెరిగిన ఏడాది మాత్రం ఊళ్ళకు ఊళ్ళు పడకేస్తాయి. సింహళంలో 1934-35లో అదే జరిగింది. వానలు లేక నదులు మడుగులుగా విడిపోతే ఈ క్యూలిసిఫేసీస్ వాటిలో విపరీతంగా పుట్టి, సుమారు 80,000 మందిని పొట్టన పెట్టుకుంది. కరువులో దోమ పెరుగుతుందని మన లెక్కలో ఉండదు కదా. సమీకరణానికి మాత్రం ఆశ్చర్యమేమీ లేదు.

ఇప్పుడు మా వీధిలోకి వచ్చే పొగ బండి సంగతి. సాయంత్రం డబడబలాడుతూ వస్తుంది. తెల్లటి పొగ. వెనకాల పిల్లలు. నాయకుడు ముక్కుకు రుమాలు కట్టుకుని ఫొటో దిగుతాడు. ఆ పొగ తగిలి గాలిలో ఎగురుతున్న నువ్వు చస్తావు, కాదనను. మంచం కింద, బట్టల వెనక, మెట్ల కింద ఉన్నదానివి చావవు. పొగ పోయాక మందు మిగలదు. మర్నాడు పొద్దున నీళ్ళలోంచి కొత్తవి లేస్తాయి. అంటే నీ చావు ఒక్క రోజు పెరిగి, మర్నాటి నుంచి యథాప్రకారం. మెక్‌డొనాల్డ్ అడిగింది ప్రతిరోజూ పెరగాలని. డెంగీ విరుచుకుపడుతున్నప్పుడు, జబ్బు మోస్తున్న ముసలివాళ్ళను ఒక్కసారిగా తుడిచిపెట్టడానికి పొగకు ఒక చోటుంది. ఏడాదంతా వారానికోసారి ఊరేగించడానికి లేదు. రోజూ రాత్రి మంచానికి కట్టే మందు పూసిన దోమతెర, ఇంటి లోపలి గోడలకు కొట్టే మందు నీ రోజువారీ ఆయుష్షు మీద పనిచేస్తాయి. వాటికి చప్పుడు లేదు, ఫొటో రాదు.

మెక్‌డొనాల్డ్ లెక్క చూసి మా వాళ్ళకు ధైర్యం వచ్చింది, అతిగానే వచ్చింది. గోడలకు డీడీటీ కొడితే చాలు, రక్తం తాగి బరువెక్కి గోడమీద వాలినదానివి చస్తావు, పదో రోజు చూడవు. 1955లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా నిర్మూలన యజ్ఞం మొదలుపెట్టింది. మన దేశంలో 1953లో నియంత్రణ కార్యక్రమం వస్తే, 1958లో దానికి నిర్మూలన అని పేరు మార్చారు. ఏటా ఏడున్నర కోట్లని అంచనా వేసిన కేసులు 1960ల నడుమ లక్షకు దిగాయి. గెలిచామనుకున్నారు. మందు కొట్టేవాళ్ళు తగ్గారు, చూసేవాళ్ళు తగ్గారు, నువ్వు డీడీటీకి అలవాటు పడ్డావు. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. అంతకుముందే, 1969లో, ప్రపంచవ్యాప్త నిర్మూలన లక్ష్యాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థే పక్కన పెట్టేసింది.

సమీకరణంలో ఏం తప్పు? లెక్కలో తప్పు లేదు. అందులో ఉన్న దోమ ఒకటే రకం, మనిషి ఒకటే రకం. అసలు నువ్వు అలా ఉండవు. గోడమీద వాలేవాళ్ళు చస్తే, వాలకుండా బయటికి పోయేవాళ్ళ సంతానం మిగులుతుంది. మనుషుల్లోనూ తేడాలున్నాయి. ప్రతి ఇంట్లో ఒకరుంటారు, నలుగురూ కూర్చుంటే వాళ్ళనే కుడతావు. ‘వాడి రక్తం తీపి’ అని అమ్మమ్మలు నవ్వుతారు. నవ్వులాటే గానీ, లెక్కలో అది చిన్న విషయం కాదు. ఊళ్ళో అయిదో వంతు మంది దగ్గరే అయిదింట నాలుగు వంతుల వ్యాప్తి జరుగుతుందని 1997లో కొందరు శాస్త్రవేత్తలు చూపించారు. కాట్లు అందరికీ సమానంగా పంచినట్టు లెక్క కడితే జబ్బు పోవలసిన ఊళ్ళో, ఆ కొద్దిమంది వల్ల జబ్బు నిలబడిపోతుంది. వాళ్ళెవరో కనిపెట్టి వాళ్ళ ఇళ్ళకు ముందు దోమతెరలిస్తే, అదే డబ్బుకు చాలా ఎక్కువ పని జరుగుతుంది.

నీళ్ళలో నీ పిల్లల సంగతికి వస్తే, అక్కడ ఇంకో మెలిక. ఒక తొట్టిలో లార్వాలు కిక్కిరిసి ఉన్నాయి, అందరికీ తిండి చాలడం లేదు. సగం చంపావు. మిగిలినవి కడుపునిండా తిని, బొద్దుగా పెరిగి, దాదాపు అన్నీ రెక్కలు తొడుక్కుని బయటికొస్తాయి. ఒక్కోసారి చంపకముందు వచ్చినన్నే వస్తాయి. నిన్ను సగం చంపడమంటే ఒక్కోసారి నీకు మేలు చెయ్యడమే. అందుకే గుంటలో అప్పుడోసారి ఇప్పుడోసారి చల్లే మందుమీద నాకు పెద్ద నమ్మకం లేదు. తొట్టి మొత్తం ఒంపేయడం వేరు. అందులో సగం లేదు, సున్నానే.

ఆంధ్రప్రదేశ్‌లో నిలవ నీళ్ళు ఒంపేయడానికి శుక్రవారం డ్రై డే అన్నారు. హైదరాబాదులో ఆదివారం పొద్దున పది గంటలకు పది నిమిషాలు అన్నారు. జనం దాన్ని ప్రభుత్వ ప్రకటనల్లో ఒకటిగా చూసి పేజీ తిప్పేశారు. కానీ ఆ వారం అన్న గడువు ఊరికే పెట్టింది కాదు. ఏడిస్ గుడ్డు నీళ్ళలో పొదిగి, లార్వా, ప్యూపా దశలు దాటి రెక్కలు రావడానికి మామూలుగా ఏడు నుంచి పది రోజులు. ఏడు రోజులకోసారి తప్పకుండా ఒంపేస్తే ఎవరూ బయటికి రారు. పది రోజులకోసారి చేస్తే కష్టమంతా పడి కూడా కొందరిని పంపించినట్టే. నా దృష్టిలో, నూట ఇరవై ఏళ్ళ దోమల గణితం మా గడప దాకా దిగి వచ్చిన చోటు ఇదొక్కటే. ఒంపాక తొట్టి గోడలు పీచుతో రుద్దాలన్న సంగతి మాత్రం ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో పోయింది. గుడ్లు నీళ్ళలో కాదు, నీటి అంచున గోడకు అంటుకుని ఉంటాయి.

మగవాళ్ళ ఊసు చివర్లో ఎత్తుతానన్నాను. ఎడ్వర్డ్ నిప్లింగ్ అనే అమెరికన్ కీటక శాస్త్రవేత్త పశువులను తినే ఒక ఈగ మీద 1955లో ఒక లెక్క అచ్చువేశాడు. పది లక్షల ఆడవాళ్ళు, అంతమందే మగవాళ్ళు ఉన్నారు. ప్రతి తరంలో ఇరవై లక్షల వంధ్య మగవాళ్ళను వదులుతాం. మొదటి తరానికి ఆడవాళ్ళు 3,33,333. వదిలే మగవాళ్ళు మాత్రం తగ్గరు కాబట్టి, రెండో తరానికి 47,619. మూడో తరానికి 1,107. నాలుగో తరానికి ఒక్కటి కూడా మిగలదు. మందుల లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. మందుతో నూటికి చివరగా మిగిలిన ఆ ఒక్కదాన్ని చంపడమే అన్నిటికంటే కష్టం. కురసావ్ దీవిలో 1954లో ఆ ఈగ నిజంగానే మాయమైంది. మన దేశంలోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఢిల్లీలో ఒక కేంద్రం నడిపాయి, హర్యానాలోని సోనీపత్‌లో ఏడిస్ మీద ప్రయోగానికి సిద్ధమయ్యాయి. విదేశీ కుట్ర అని పత్రికల్లో, పార్లమెంటులో గొడవ చెలరేగింది. 1975లో కేంద్రం మూతపడింది. ఊళ్ళోవాళ్ళకు ముందే సరిగ్గా చెప్పకుండా దోమలు వదులుతామంటే ఎవరైనా అలాగే అరుస్తారు. సమీకరణంలో ఆ అంకె ఎవరూ వెయ్యలేదు.

ఇప్పుడు వోల్బాకియా అనే బాక్టీరియాను ఏడిస్‌కు ఎక్కించి వదులుతున్నారు. అది ఉన్న దోమ డెంగీని సరిగా మోయలేదు. తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. కానీ ఇక్కడా రాస్ చెప్పినట్టే ఒక హద్దు: కొంతశాతం దాటేదాకా వదిలితేనే నిలుస్తుంది, దానికి కొంచెం తక్కువైనా మెల్లగా ఆరిపోతుంది. ఇండొనేసియాలోని యోగ్యకర్తాలో ఆ హద్దు దాటించి చూస్తే డెంగీ 77 శాతం తగ్గింది. మన పుదుచ్చేరిలోని పరిశోధనా కేంద్రం కూడా ఇలాంటి దోమలను తయారుచేసి ఉంచింది. వదలడానికి అనుమతులు కావాలి, సోనీపత్ కథ ఎవరూ మరిచిపోలేదు.

ఉత్తరం పొడుగైంది. మా వీధికి సంబంధించినంతవరకు నీ లెక్క ఇదీ. ఇరవై రెండు ఇళ్ళవాళ్ళం ఆదివారం పూట ఒంపడానికి ఒప్పుకున్నాం. ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్ళ వాటర్ ఫౌంటెన్లు వాస్తుకు పెట్టించినవట. వాటిలో నీ పిల్లలను తినే గంబూసియా చేపలు వేస్తామంటే సరే అన్నారు. మిగిలింది చివరి మలుపులో తాళం వేసిన స్థలం. పునాది తవ్వి వదిలేశారు, సెల్లార్ గోతిలో మోకాలిలోతు నీళ్ళు. మాకు కలిగే మేలంతా ఆ గోతి నుంచి ఎంత దూరంలో ఉన్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. దానికి ఎదురుగా ఉన్నవాళ్ళ ఇంట్లో చంటిపిల్ల ఉంది. యజమాని టెక్సస్‌లో ఉంటాడు. ఫోన్ ఎత్తితే ‘వచ్చే సంక్రాంతికి వస్తానండీ’ అంటాడు. ఈలోపు గోడ దూకి నీళ్ళు తోడేద్దామని కొందరం అనుకుంటున్నాం.

ఇట్లు,
నీ రాత్రి భోజనం.

నకళ్ళు: పై స్థలం యజమాని గారికి, వాట్సాప్‌లో. మా వార్డు కార్యాలయానికి, చేతికి.